పాత స్విఫ్ట్ అమ్మేస్తే నో క్లెయిమ్ బోనస్ ఏమవుతాది? కొత్త కారుకు మార్చుకోవచ్చునా?

కొర్లగుంట_కాపురం | 2025 అక్టోబరు 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాది 2016 స్విఫ్ట్ పెట్రోలు, ఏపీ 03 బండి. సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లకు జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గినాక ఇంట్లో ఒకటే పోరు, మార్చెయ్ మార్చెయ్ అని. సరేనని రేణిగుంట రోడ్డులో ఒక షోరూంలో కొత్తది బుక్ చేసినాం. 1197 సీసీ పెట్రోలు. పాతది వాళ్ళకే ఎక్స్ఛేంజిలో ఇస్తా ఉండాము. 18న ధన త్రయోదశికి డెలివరీ, నేరుగా అలిపిరికి పోయి పూజ.

ఈరోజు ఇన్సూరెన్స్ కొటేషన్ ఇచ్చినారు. ఓన్ డ్యామేజి (మన బండి నష్టానికి) 18,400, థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి) మూడేళ్ళకు 10,640, ఆపైన జీరో డెప్ (క్లెయిమ్‌లో తరుగుదల కోయకుండా), ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్, జీఎస్టీ అన్నీ కలిపి పెద్ద సంఖ్యే అయింది. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయకుంటే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) గడిలో సున్నా. ఇదేందయ్యా, నా పాత పాలసీలో 35 శాతం ఉండాది కదా అంటే, "సార్, బోనస్ బండిది. బండితోనే పోతాది" అన్నాడు ఆ సేల్స్ పిల్లోడు.

నిజమేనా? పాత పాలసీ డిసెంబరు 14 దాకా ఉండాది. చివరి క్లెయిమ్ 2021 నవంబరు వానల్లో. మా సందులో నీళ్ళు బానెట్ దాకా వచ్చి ఇంజన్‌లోకి పోయినాయి. అప్పట్నుంచి ఒక్క రూపాయి అడగలేదు.

పుత్తూరు_కట్టు | రాత్రి 9:58

ఆ పిల్లోడు చెప్పింది తప్పన్నా. బోనస్ మనిషిది, బండిది కాదు. పోయినేడు నేను మార్చుకున్నా. పాత కంపెనీ నుంచి ఒక ఉత్తరం తెచ్చుకోవాల, ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్) రిజర్వింగ్ లెటర్ అంటారు. అది కొత్త కంపెనీకి ఇస్తే అయిపోయ.

గంగజాతర | రాత్రి 10:05

ఫాలో అవుతున్నా. నాన్న కారు కూడా మార్చాలి.

పాలసీ_పంతులు | రాత్రి 10:31

పదకొండేళ్ళుగా ఇన్సూరెన్స్ ఏజెంటుని, ఆఫీసు బాలాజీ కాలనీ పక్కన. పుత్తూరు అన్న చెప్పింది కరెక్ట్. షోరూంలో సున్నా ఎందుకు పెడతారంటే, మీరు అడగలేదు కాబట్టి! పాత పాలసీ కాగితం ఇవ్వకపోతే వాళ్ళ సిస్టంలో సున్నాయే వస్తుంది. ఉత్తరం తేవాలంటే నాలుగు రోజులు పడుతుంది, వాళ్ళకేమో ఈరోజే బిల్లు కొట్టాలి.

కావలసినవి చెప్తా. పాత పాలసీ కాపీ, ఆర్‌సీ కాపీ, బండి అమ్మినట్టు రుజువు (ఫారం 29, 30 మీద ఆర్టీవో అక్నాలెడ్జిమెంటు, లేకపోతే షోరూం వాళ్ళు బండి తీసుకున్నట్టు ఇచ్చే డెలివరీ కాగితం), మీ అర్జీ. ఇవి పట్టుకుని పాత కంపెనీ బ్రాంచికి పోండి. మెయిల్‌లో పంపినా ఇస్తారు.

మీకు 45 వస్తుంది సార్. 2021 క్లెయిమ్ తర్వాత నాలుగేళ్ళు అయింది కదా.

రిటైర్డ్_సర్వేయర్ | అక్టోబరు 7, ఉదయం 6:15

పంతులుగారూ, చివరి మాట ఒక్కటీ సరిచేసుకోండి. మిగతాదంతా బాగా చెప్పారు.

నేను చిత్తూరులో ముప్పై ఏళ్ళు ఇన్సూరెన్స్ సర్వే పనిలో ఉన్నాను. బోనస్ మెట్లు అందరికీ ఒకటే: క్లెయిమ్ లేకుండా ఒక సంవత్సరం పూర్తయితే 20 శాతం, వరుసగా రెండు అయితే 25, మూడు 35, నాలుగు 45, అయిదు 50. ఆ పైన మెట్టు లేదు. "పూర్తయితే" అన్న మాట దగ్గరే అందరూ పప్పులో కాలేస్తారు. కొర్లగుంట వారి లెక్క చూద్దాం. క్లెయిమ్ జరిగిన పాలసీ 2021 డిసెంబరులో ముగిసింది. ఆ రెన్యువల్‌కి సున్నా. 2022 డిసెంబరుకి 20, 2023కి 25, 2024కి 35. ఇప్పుడు నడుస్తున్న సంవత్సరం డిసెంబరు 14కి గానీ పూర్తి కాదు. ఈలోగా బండి అమ్మేస్తే ఉత్తరంలో 35 అనే రాస్తారు. పది నెలలు గడిచాయి కదా అని 45 ఇవ్వరు.

ఇంకో సంగతి. వరదలో నీళ్ళు రావడం మీ తప్పు కాదు. అయినా సొంత బండి నష్టానికి డబ్బు తీసుకున్నారు కాబట్టి బోనస్ సున్నాకి పడిపోయింది. తప్పెవరిదన్నది చూడరు, క్లెయిమ్ ఉందా లేదా అన్నదే చూస్తారు. మీ బండి ఎవరికైనా తగిలి వాళ్ళు థర్డ్ పార్టీ కింద పరిహారం తీసుకుంటే మాత్రం మీ బోనస్‌కి ఢోకా లేదు.

పాలసీ_పంతులు | ఉదయం 7:02

ఒప్పుకుంటున్నా సార్. రాత్రి నిద్రమత్తులో రాసేశా. 35 కరెక్ట్.

కొర్లగుంట_కాపురం | ఉదయం 7:40

చాలా థాంక్స్ సార్. అట్లయితే డిసెంబరు 15 దాకా ఆగి అమ్మితే 45 వస్తాది. ఆగమంటారా?

రిటైర్డ్_సర్వేయర్ | ఉదయం 8:10

లెక్క వేసుకోండి. బోనస్ కేవలం ఓన్ డ్యామేజి మీదే. థర్డ్ పార్టీ 10,640 మీద పైసా తగ్గదు, అది ప్రభుత్వం నిర్ణయించిన రేటు. 18,400లో 35 శాతం 6,440. దాని మీద కట్టే 18 శాతం జీఎస్టీ కూడా మిగులుతుంది. మొత్తం 7,599 రూపాయలు. అదే 45 శాతం అయితే 9,770. తేడా 2,171. దీనికోసం రెండు నెలలు ఆగి, ఎక్స్ఛేంజి బోనసూ పండగ ఆఫరూ పోగొట్టుకోవడం మీ ఇష్టం.

పాత బండి మీద మీకొచ్చే తగ్గింపు ఏడాదికి ఏ రెండు వేలో ఉంటుంది, ఐడీవీ (బండికి కట్టిన బీమా విలువ) పడిపోయి ఉంటుంది కాబట్టి. అదే 35 శాతం కొత్త బండి ప్రీమియం మీద పడితే మూడింతలకు పైగా. అందుకే బోనస్ విలువ కారు మార్చేటప్పుడే తెలుస్తుంది.

మామిడి_మండీ | ఉదయం 9:25

నాది ఇంకో పక్క నుంచి ప్రశ్న. బంగారుపాళ్యంలో పోయిన నెల ఒక సెకండ్ హ్యాండ్ బలెనో కొన్నా. అమ్మినాయన "ఇన్సూరెన్స్ ఇంకా ఎనిమిది నెలలు ఉండాది, 50 శాతం బోనస్‌తో, నీకు లాభం" అన్నాడు. ఆర్‌సీ నా పేరుకు మారింది. పాలసీ ఆయన పేరు మీదే ఉండాది. దాన్నట్టే వాడుకోవచ్చు కదా?

పాలసీ_పంతులు | ఉదయం 9:50

అయ్యో సామీ, ఈరోజే మార్చుకోండి. ఆ 50 శాతం ఆయనది, మీది కాదు. ఆయన ఉత్తరం తీసుకుని ఈపాటికి తన కొత్త కారుకు వాడేసి కూడా ఉంటాడు.

రిటైర్డ్_సర్వేయర్ | ఉదయం 10:20

ఇది చాలా ముఖ్యం. మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ ప్రకారం బండి చేతులు మారితే పాలసీ కూడా కొన్నవారికి మారినట్టే లెక్క. ఇది చూసి చాలామంది ధైర్యంగా ఉంటారు. కానీ అది థర్డ్ పార్టీ భాగానికి మాత్రమే అని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చి చెప్పింది. మీ బండికే నష్టం జరిగితే, ఓన్ డ్యామేజి కింద ఆ పాలసీ మీకు పైసా ఇవ్వదు. పాలసీ ఉన్నాయనకు బండి లేదు, బండి ఉన్న మీకు పాలసీ లేదు. సర్వేకి వెళ్ళినప్పుడు ఆర్‌సీలో ఒక పేరు, పాలసీలో ఒక పేరు కనబడితే రిపోర్టులో ఆ మాట రాయక తప్పేది కాదు నాకు. ఎదురుగా మనిషి నిలబడి ఉంటాడు, నలిగిపోయిన బండి పక్కన. చెప్పడం కష్టంగా ఉండేది.

కొన్న 14 రోజుల్లో కంపెనీకి తెలియజేయాలి. మీకు గడువు దాటింది, అయినా వెళ్ళండి. బండి చూసి మారుస్తారు. మిగిలిన ఎనిమిది నెలలకు ఆ పెద్దమనిషికి ఇచ్చిన బోనస్ మీ దగ్గర వసూలు చేస్తారు. ఉదాహరణకి ఆయనకు ఏడాదికి 2,400 తగ్గించి ఉంటే, ఎనిమిది నెలలకు 1,600, జీఎస్టీతో 1,888. దాంతో పోతుంది.

మామిడి_మండీ | ఉదయం 10:34

రెండు వేలకు భయపడి అయిదు లక్షల బండిని గాలిలో పెట్టి తిప్పతా ఉండానన్న మాట. మధ్యాహ్నమే పోతా.

తెల్లబోర్డు_ఆశ | మధ్యాహ్నం 1:15

అన్నా, నాది టాక్సీ, పసుపు బోర్డు ఎర్టిగా. తిరుమల, కాళహస్తి, కాణిపాకం ట్రిప్పులు. ఆరేళ్ళుగా క్లెయిమ్ లేదు. ఇంట్లోకని తెల్ల బోర్డు కారు తీసుకుంటే నా 50 శాతం దానికి వస్తాదా?

పాలసీ_పంతులు | మధ్యాహ్నం 1:40

రాదు తమ్ముడూ. జాతి ఒకటే ఉండాలి. సొంత కారు నుంచి సొంత కారుకు, బైకు నుంచి బైకుకు. టాక్సీ పాసింజరు వాహనం కింద వస్తుంది. ఇంకో టాక్సీ తీసుకుని ఈ ఎర్టిగా అమ్మితే అప్పుడు దానికి మార్చుకోవచ్చు.

తెల్లబోర్డు_ఆశ | మధ్యాహ్నం 1:44

ఘాట్ రోడ్డులో ఆరేళ్ళు బంపరు గీకకుండా తిప్పినోడికి ఇది న్యాయమేనా సామీ.

గంగజాతర | మధ్యాహ్నం 2:30

ఘాట్ రోడ్డు అంటే గుర్తొచ్చింది. పోయిన వారం కొండ దిగుతుంటే వెనక నుంచి ఒక టెంపో తగిలి మా బంపరు పగిలింది. బిల్లు 4,000 అన్నారు. క్లెయిమ్ చేద్దామా వద్దా అని ఇంట్లో పెద్ద పంచాయితీ. మా పాలసీకి 45 ఉంది.

రిటైర్డ్_సర్వేయర్ | మధ్యాహ్నం 3:05

అమ్మా, మీది జీరో డెప్ కాకపోతే వినండి. బంపరు ప్లాస్టిక్, దాని మీద తరుగుదల 50 శాతం. 4,000 మొత్తం బంపరు ధరే అనుకుంటే 2,000 మిగిలింది. 1,500 సీసీ లోపు కారుకి ప్రతి క్లెయిమ్‌లో మీ వంతు 1,000 తప్పనిసరిగా కోస్తారు. చేతికొచ్చేది 1,000. దానికోసం నాలుగేళ్ళ బోనస్ సున్నా అయి, మళ్ళీ మొదటి మెట్టు నుంచి మొదలు. మీ నాన్నగారు కారు మార్చబోతున్నారన్నారు కదా, ఈ టైములో అస్సలు వద్దు. క్లెయిమ్ చేసినా బోనస్ పోకుండా ఎన్‌సీబీ ప్రొటెక్ట్ అని విడిగా డబ్బు కట్టి తీసుకుని ఉంటే వేరే సంగతి. పాలసీ తీసి చూడండి.

గంగజాతర | మధ్యాహ్నం 3:12

లేదు సార్, ప్రొటెక్ట్ లేదు. నాన్నకి చూపించా. "నేను చెప్పలే?" అంటున్నాడు. చెప్పలేదు.

స్వర్ణముఖి | సాయంత్రం 5:50

నేనెప్పుడూ రాయను, చదువుతానంతే. ఇక్కడ ఒకటి చెప్పాలనిపించింది.

మా వారు 2023లో పోయారు. కారు ఆయన పేరు మీద ఉంది, 50 శాతం బోనస్ ఉండేది. మొదటి రెన్యువల్ అప్పుడు ఏజెంటు ఫోను చేసి, ఓటీపీ చెప్పమ్మా అన్నాడు. చెప్పాను. పాలసీ వచ్చింది, పోయిన మనిషి పేరు మీద. నాకు తెలియలేదు. మా తమ్ముడు చూసి, ఇది చెల్లదక్కా అన్నాడు. అప్పుడు సచివాలయంలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పెట్టుకుని, ఫారం 31తో ఆర్‌సీ నా పేరుకు మార్పించి, డెత్ సర్టిఫికెట్ జత చేసి కంపెనీకి ఇచ్చాము. బోనస్ పోయిందనుకున్నా. పోలేదు. భర్త నుంచి భార్యకు వారసత్వంగా బండి వస్తే బోనస్ కూడా వస్తుందట. పిల్లలకు, తల్లిదండ్రులకు కూడా అంతే అన్నారు. కొత్త పాలసీలో నా పేరు, పక్కన 50 శాతం.

నాకు డ్రైవింగ్ రాదు. కొడుకు నడుపుతాడు. ఆ కాగితం మాత్రం చాలాసేపు చూస్తూ కూర్చున్నా.

రిటైర్డ్_సర్వేయర్ | సాయంత్రం 6:20

అమ్మా, మీరు చేసింది అక్షరాలా సరైన పద్ధతి. వారసత్వం తప్ప ఇంకే రకంగానూ బోనస్ ఒకరి నుంచి ఒకరికి పోదు. ఒక్క మినహాయింపు ఉంది. సంస్థ కారుని ఒక ఉద్యోగికే వాడుకోమని ఇచ్చి, తర్వాత అతని పేరుకే రాసిచ్చేస్తే, దాని బోనస్ అతనికి వస్తుంది.

కొర్లగుంట_కాపురం | రాత్రి 8:15

సార్, ఆ "ఒకరి నుంచి ఒకరికి పోదు" అనే మాట చదివి గుండెలో రాయి పడింది. భార్యాభర్తల మధ్యన కూడా పోదా?

రిటైర్డ్_సర్వేయర్ | రాత్రి 8:22

ఇద్దరూ బతికి ఉండగా పోదు. ఎందుకడుగుతున్నారు?

కొర్లగుంట_కాపురం | రాత్రి 8:30

కొత్త కారు మా ఆవిడ పేరు మీద బుక్ చేసినాం సార్. తను గవర్నమెంటు టీచరు. లోను ఆమె జీతం మీదే శాంక్షన్ అయింది.

పుత్తూరు_కట్టు | రాత్రి 8:33

అన్నా. ఈ మాట మొదటి పోస్టులో పెట్టాల్సింది కదన్నా.

పాలసీ_పంతులు | రాత్రి 8:50

షోరూంకి పోయి బుకింగ్ పేరు మార్చమని అడగొచ్చు, ఇన్‌వాయిస్ కొట్టకముందు అయితే మారుస్తారు. కానీ లోను మళ్ళీ మీ పేరు మీద మొదటి నుంచి పెట్టాలి. 18వ తేదీకి అవుతుందా అన్నదే అనుమానం. మీ పాత పాలసీ కాపీ పెట్టి ఆవిడ పేరు మీద 35 కొట్టేద్దాం అని షోరూంలో ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి.

పుత్తూరు_కట్టు | రాత్రి 9:02

అది నిజం. మా ఆఫీసులో పక్క సీటాయన ఆన్‌లైన్‌లో పాలసీ తీసుకుంటా, బోనస్ ఎంత అని అడిగితే 50 అని నొక్కేసినాడు. అసలు ఉండేది సున్నా, అంతకు ముందేడాదే క్లెయిమ్ తీసుకున్నాడు. మూడు వేలు మిగిలిందని మాకు టీ ఇప్పించినాడు కూడా. ఆ తర్వాత భాకరాపేట ఘాట్‌లో బండి గోడకు కొట్టింది. లక్షా డెబ్బై వేల బిల్లు. పాత కంపెనీని అడిగి చూసి, క్లెయిమ్ కొట్టేసినారు. ఆ టీ మాకు ఇప్పటికీ అరగలేదు.

రిటైర్డ్_సర్వేయర్ | రాత్రి 9:25

ప్రపోజల్ ఫారంలోనే రాసి ఉంటుంది, ఈ వివరం తప్పని తేలితే ఓన్ డ్యామేజి ప్రయోజనాలన్నీ పోతాయని. కింద మన సంతకం ఉంటుంది. ఆన్‌లైన్‌లో అయితే చిన్న గడిలో టిక్కు. ఉత్తరం లేకుండా పాలసీ ఇస్తే, 21 రోజుల్లో పాత కంపెనీకి రాసి నిజం కనుక్కోవలసిన బాధ్యత కొత్త కంపెనీది. ఆ పని చేయకుండా, క్లెయిమ్ వచ్చినప్పుడు మాత్రం తవ్వేవాళ్ళనీ చూశాను. అట్లాంటప్పుడు బీమా భరోసా పోర్టల్లో ఫిర్యాదు, ఆ తర్వాత హైదరాబాదులో ఉన్న ఇన్సూరెన్స్ ఓంబుడ్స్‌మన్. అబద్ధం చెప్పిన చేతులతో అక్కడికి పోవడం మాత్రం అంత సుఖం కాదు.

గంగజాతర | రాత్రి 9:31

అంకుల్, కొర్లగుంట అన్న బోనస్ ఇంక గంగలో కలిసినట్టేనా?

రిటైర్డ్_సర్వేయర్ | రాత్రి 9:40

ఎందుకు కలుస్తుంది? ఉత్తరం ఎలాగూ తీసుకోవాలి. అది మూడేళ్ళు చెల్లుతుంది. ఆ లోపల ఆయన పేరు మీద ఏ సొంత కారు కొన్నా, కొత్తదైనా పాతదైనా, 35 అక్కడ పెట్టుకోవచ్చు. ఉత్తరం తీసుకోకుండా ఊరుకుంటేనే కష్టం, మూడేళ్ళ తర్వాత ఆ పాత పాలసీ నంబరు ఎవరికి గుర్తుంటుంది? ఇంట్లో కారు ఉంచుకుని పాలసీ మాత్రం కట్టకుండా వదిలేసేవాళ్ళకు ఇంత టైము ఉండదు. గడువు ముగిసి 90 రోజులు దాటితే బోనస్ మొత్తం పోయినట్టే.

కొర్లగుంట_కాపురం | అక్టోబరు 21, రాత్రి 7:10

లేటుగా రాస్తా ఉండా, పండగ హడావిడి.

షోరూంకి పోయి పేరు మార్చమని అడిగినా. మారుస్తాం సార్, లోను మళ్ళా పెట్టుకోండి అన్నారు. ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్తే, "కంతులు కట్టేది నేను, కారు నీ పేరు మీదనా?" అనింది. 7,599 రూపాయల లెక్క కాగితం మీద రాసి చూపించినా. ఆ కాగితం తిప్పి వెనకాల పాలు, పెరుగు లెక్క రాసుకునింది. దాంతో ఆ కత అయిపోయింది. ఆమె పేరు మీదే, సున్నా బోనస్‌తో డెలివరీ తీసుకున్నాం. షోరూంలో ఇన్సూరెన్స్ కాకుండా పంతులుగారి దగ్గర రేటు అడిగినా, ఓన్ డ్యామేజి 18,400 కాస్తా 15,100కి వచ్చింది. షోరూంలోనే తీసుకోవాలని రూలేం లేదంట. ఇది నాకు ముందు తెలీదు.

అలిపిరిలో పూజ బాగా జరిగింది. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినారు, మూడు నలిగినాయి, ఒకటి జారి పక్కనుండే ఇన్నోవా కిందికి పోయింది. వాళ్ళు అది వాళ్ళ నిమ్మకాయే అనుకుని దాని మీదనే పోనిచ్చినారు. బోనస్ ట్రాన్స్‌ఫర్ అంటే ఇదే అనింది మా ఆవిడ.

ఉత్తరం నిన్న మెయిల్‌లో వచ్చింది. నా పేరు, ఏపీ 03 బండి నంబరు, 35 శాతం, క్లెయిమ్ లేదు అని ఒక వాక్యం. ప్రింటు తీసి ఆమె బీరువాలో సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టింది, నా ఆస్తి ఇదొక్కటే అంట. 2028 అక్టోబరు లోపల నా పేరు మీద ఒక సెకండ్ హ్యాండ్ మారుతి అన్నా కొంటా.

తెల్లబోర్డు_ఆశ | రాత్రి 7:25

కంగ్రాట్స్ అన్నా. వదినకు చెప్పండి.

కాణిపాకం_కుర్రోడు | రాత్రి 11:48

సూపర్ థ్రెడ్ బ్రో. ఒక చిన్న డౌటు. నాకు పల్సర్ మీద 50 శాతం ఉంది, కారు కొంటే దానికి మార్చుకోవచ్చా?

పాలసీ_పంతులు | అక్టోబరు 22, ఉదయం 6:58

పైకి పోయి తెల్లబోర్డు తమ్ముడికి రాసింది చదవండి సామీ.